పాత సెల్‌ఫోన్లను ఏం చేద్దాం?



ఈ వారం మన కుటుంబ పాఠానికి అరచేతిలో ఇమిడే ఒక చిన్న వస్తువును తీసుకుందాం. ముందుగా మీరొక పని చేయండి. మీ ఇంట్లోని బీరువా సొరుగు, టీవీ బల్ల కింది అర, అటకమీది అట్టపెట్టె ఒకసారి వెదకండి. పనిచేయని సెల్‌ఫోన్లు ఎన్ని దొరికాయి? తాతగారి బటన్ల ఫోను, అద్దం పగిలిన ఫోను, బ్యాటరీ ఉబ్బి పక్కన పడేసినది, చార్జర్లు, ఇయర్‌ఫోన్లు, తెగిన వైర్లు. చాలా ఇళ్ళలో మనుషులకంటె పాత ఫోన్లే ఎక్కువగా కనబడతాయి.

మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. కలకత్తా నుండి నాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆనాడు అది గొప్పవారి వస్తువు. నేడు దేశంలో 110 కోట్లకు పైగా మొబైల్ కనెక్షన్లున్నాయి. మిర్చి యార్డులో కూలికి, పొలంలో రైతుకు, ఉపదేశికి, విద్యార్థికి అందరికీ ఫోను కావలసివచ్చింది. ఇందులో తప్పేమీ లేదు. అయితే కొన్న ప్రతి ఫోను ఏదో ఒకనాడు పాతదవుతుంది. ఆ తరువాత దాని గతి ఏమిటన్నదే నేటి మన పాఠం.

దీపాలదిన్నె ఏమైంది?

దూరదేశాల కథలకు పోకుండా మన పల్నాడు జిల్లాలోని అమరావతి నుండే మొదలుపెడదాం. కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊరిలో స్థానికులు దీపాలదిన్నె అని పిలిచే పెద్ద మట్టిదిబ్బ ఒకటి ఉండేది. పద్దెనిమిదవ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుండి అమరావతికి మార్చి పట్టణం కట్టిస్తున్న రోజులవి. కట్టడాలకు రాయి అవసరమయింది. దిబ్బను తవ్వితే నున్నని పాలరాయి వంటి సున్నపురాతి పలకలు బయటపడ్డాయి. వాటిమీద బొమ్మలున్నాయి. కాని పనివారికి కావలసింది బొమ్మలు కాదు, రాయి. కొన్ని పలకలు గోడల్లోకి, మెట్లలోకి పోయాయి. కొన్నింటిని సున్నం కోసం కాల్చివేశారు.

కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి 1797లో అక్కడికి వచ్చి చూసి, ఇది సామాన్యమైన దిబ్బ కాదని గ్రహించాడు. ఆయన 1816లో తన బృందంతో తిరిగి వచ్చేనాటికి దిబ్బ మధ్యభాగమంతా గొయ్యిగా మారిపోయింది. మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ మరికొన్నింటిని తవ్వించి మద్రాసుకు పంపాడు. నేడు అమరావతి మహాస్తూపపు శిల్పాలలో ముఖ్యమైనవి కొన్ని చెన్నై మ్యూజియంలోను, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను, కొన్ని అమరావతి మ్యూజియంలోను ఉన్నాయి. సున్నమైపోయినవి మాత్రం ఎక్కడా లేవు.

ఆ పనివారు చెడ్డవారు కారు. చేతిలో ఉన్నదాని విలువ వారికి తెలియలేదు, అంతే. పాత సెల్‌ఫోను విషయంలో మనకు ఆ సాకు కూడా లేదు. అందులో ఏమున్నదో నేడు లెక్కలతో సహా తెలుసు.

ఫోనులో ఏముంది?

పైకి గాజు, ప్లాస్టిక్. లోపల ఆకుపచ్చని పలక ఒకటి ఉంటుంది. దానిని సర్క్యూట్ బోర్డు అంటారు. దానిమీద రాగి తీగలు, తగరపు అతుకులు, బంగారు పూత, వెండి, పల్లాడియం ఉంటాయి. బ్యాటరీలో లిథియం, కోబాల్టు ఉంటాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వేసిన లెక్క ప్రకారం 10 లక్షల సెల్‌ఫోన్ల నుండి సుమారు 16 టన్నుల రాగి, 350 కిలోల వెండి, 34 కిలోల బంగారం, 15 కిలోల పల్లాడియం తీయవచ్చు. ఒక్క ఫోనులో ఉన్న బంగారం గ్రాములో ముప్పయ్యవ వంతు మాత్రమే. దానికోసం ఇంట్లో ఎవరూ ఫోను పగలగొట్టనవసరం లేదు, దమ్మిడీ ఆదాయం రాదు. కాని లక్షల ఫోన్లు ఒకచోట చేరితే అది ఒక గని.

ఎంత మంచి గని అంటే, బంగారు గనిలో టన్ను రాతిని తవ్వి పిండి చేస్తే సాధారణంగా కొద్ది గ్రాముల బంగారం వస్తుంది. టన్ను సెల్‌ఫోన్లలో పై లెక్క ప్రకారం 200 గ్రాములకు పైగానే ఉంటుంది. ఎందరో తెలుగు కుటుంబాలవారు పనిచేసిన కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. బంగారం పోయింది, సైనైడు కలిసిన దిబ్బలు మాత్రం ఆ ఊరి పక్కనే మిగిలాయి. గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము ఇళ్ళమీదికి వస్తుంది.

గని అంటే ఏమిటో పల్నాటి వారికి వేరే చెప్పనక్కరలేదు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దుమ్ము, రాతి క్వారీల గోతులు మన కళ్ళముందే ఉన్నాయి. వినుకొండ పరిసరాలలోని అగ్నిగుండాల కొండలలో రాగి, సీసం ఖనిజాలున్నాయి. బండ్లమొట్టులో హిందుస్తాన్ జింక్ సంస్థ సీసం కోసం గని నడిపిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కొండ కడుపు చీల్చి తీసిన ఆ రాగి, ఆ సీసమే మన సొరుగులో ఊరికే పడి ఉన్నాయి. వాటిని తిరిగి వాడుకుంటే ఆ మేరకు కొత్త కొండను తవ్వే పని తగ్గుతుంది.

ఇది వట్టి మాట కాదనడానికి ఒక ఉదాహరణ చూడండి. టోక్యో ఒలింపిక్ క్రీడల పతకాలన్నీ ప్రజలిచ్చిన పాత వస్తువుల నుండి తీసిన లోహంతో తయారయ్యాయి. 2017 ఏప్రిల్ నుండి 2019 మార్చి వరకు జపాను దేశస్థులు 62 లక్షల సెల్‌ఫోన్లు, వాటితోపాటు దాదాపు 79 వేల టన్నుల చిన్న విద్యుత్ పరికరాలు ఇచ్చారు. వాటినుండి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి, 2,200 కిలోల కంచు లభించాయి. పాఠశాలలు, తపాలా కార్యాలయాలు, దుకాణాలలో పెట్టిన పెట్టెలలో సామాన్య కుటుంబాలు వేసిన ఫోన్లే ఆ పతకాలయ్యాయి.

విషం ఎప్పుడు బయటపడుతుంది?

ఫోను చేతిలో ఉన్నంతకాలం అందులోని సీసం, కాడ్మియం మనల్ని ఏమీ చేయవు. సొరుగులో ఉన్నా చేయవు. పగలగొట్టినప్పుడు, కాల్చినప్పుడు, ఆమ్లంలో ముంచినప్పుడు, చెత్తకుప్పలో వానకు నానినప్పుడు అవి బయటికి వస్తాయి. ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి. ఎందుకంటే మన బాధ్యత ఎక్కడ మొదలవుతుందో దీనివల్లనే తెలుస్తుంది.

ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ పేర్లు మీరు వినే ఉంటారు. దేశం నలుమూలల నుండి పోయిన పాత కంప్యూటర్లు, ఫోన్లు ఇటువంటి చోట్ల చిన్న చిన్న గదులలో విడిపోతాయి. వైర్లను బహిరంగంగా కాల్చి రాగి తీస్తారు. బోర్డులను పొయ్యిమీద వేడిచేసి భాగాలు ఊడదీస్తారు. బంగారం కోసం ఘాటైన ఆమ్లంలో నానబెడతారు. మిగిలిన ఆమ్లం కాలువలోకి, బూడిద నది ఒడ్డుకు పోతుంది. చేతులకు తొడుగులు ఉండవు, ముక్కుకు గుడ్డ ఉండదు. ఆడవారు, పిల్లలు కూడా ఈ పనిలో ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ విషయమై ప్రత్యేకంగా ఒక నివేదిక వెలువరించి, పిల్లలకు, గర్భిణులకు కలిగే హాని గురించి హెచ్చరించింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకు ఫరవాలేదు అని చెప్పగల హద్దు దానికి లేదని ఆ సంస్థ చెబుతున్నది.

మన ఫోను అంత దూరం పోకుండా ఊరి చెత్తలోనే కలిసినా ప్రమాదం తప్పదు. దిబ్బ మీద ఎవరో నిప్పు పెడతారు. పొగ ఊరిమీదికి వస్తుంది. వర్షం పడితే దిబ్బలోని నీరు వాగులోకి, వాగు కృష్ణలోకి పోతుంది. అమరావతి దాటిన కృష్ణ ప్రకాశం బ్యారేజీ వద్ద నిలిచి కాలువల ద్వారా ఎన్నో ఊళ్ళ దాహం తీరుస్తుంది. కొండవీడు సమీపాన చెత్త నుండి విద్యుత్తు తయారుచేసే కేంద్రం ఉన్నది గదా, అక్కడ కాలిపోతుంది కదా అని కొందరనుకోవచ్చు. లోహాలు మంటలో మాయం కావు, బూడిదలో మిగులుతాయి. లిథియం బ్యాటరీ నలిగితే చెత్త బండిలోనే మంట లేవవచ్చు. ఆ బండి తోలేది, ఆ చెత్త వేరుచేసేది మన తోటి మనుషులే.

ఒక్క ఫోనులో విషం కొంచెమే అన్న మాట నిజం. 2006లో యూరప్‌లోను, 2014 మే నుండి మన దేశంలోను సీసం, కాడ్మియం వంటివాటికి హద్దులు పెట్టారు కనుక కొత్త ఫోన్లలో అవి తగ్గాయి. అంటే మన సొరుగులోని పాత బటన్ల ఫోన్లలోనే అవి ఎక్కువగా ఉండే వీలున్నది. పైగా ఫోన్లు ఒక్కటి రెండు కావు. 2022లో ఒక్క ఏడాదిలోనే ప్రపంచమంతటా 530 కోట్ల ఫోన్లు వాడకం నుండి తొలగిపోతాయని నిపుణులు అంచనా వేశారు. అదే సంవత్సరం ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ వ్యర్థాలు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి శుద్ధిచేసినట్లు లెక్కకు వచ్చింది వందకు 22 పాళ్ళు మాత్రమే. ఇటువంటి చెత్త ఎక్కువగా పోగయ్యే దేశాలలో చైనా, అమెరికాల తరువాత స్థానం మనదే.

మొదటి మెట్టు: ఎక్కువ కాలం వాడడం

పర్యావరణానికి ఫోను చేసే చెరుపులో ఎక్కువ భాగం, సుమారు నాలుగింట మూడు వంతులు, మనం దానిని కొనకముందే జరిగిపోతుంది. గని తవ్వకం, లోహం కరిగించడం, చిప్‌ల తయారీ, రవాణా వీటన్నిటికి ఖర్చయిన ఇంధనం అది. మనం రోజూ చార్జింగు పెట్టే కరెంటు దానిముందు స్వల్పం. కనుక రెండేళ్ళకు మార్చే ఫోనును నాలుగేళ్ళు వాడిన కుటుంబం చేసే మేలు, ఎన్ని పాత ఫోన్లు రీసైక్లింగుకు ఇచ్చినా రాదు. పైగా డబ్బు మిగులుతుంది.

దీనికి పెద్ద శ్రమ అవసరం లేదు. కొన్న రోజే మంచి కవరు, అద్దానికి రక్షణ పలక వేయించండి. రాత్రంతా చార్జింగులో ఉంచడం, మంచంమీద దిండు కింద పెట్టి చార్జింగు చేయడం మానండి. బ్యాటరీని పూర్తిగా సున్నాకు దింపకుండా, ప్రతిసారీ నూటికి నూరు నింపకుండా, 20 నుండి 80 మధ్యలో ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. పల్నాటి ఎండలో బండి డాష్‌బోర్డు మీద, పొలం గట్టుమీద ఫోను వదలకండి. వేడి బ్యాటరీకి శత్రువు. ఫోను నెమ్మదించగానే పాడయిందనుకోకండి. వాట్సాప్‌లో నిండిపోయిన వీడియోలు, శుభోదయపు బొమ్మలు తీసివేస్తే చాలావాటికి ప్రాణం లేచి వస్తుంది.

పండుగ ఆఫర్లు చూసి, పక్కింటివారి చేతిలో చూసి, కళాశాలలో స్నేహితుల ముందు చిన్నతనమని ఫోను మార్చేవారున్నారు. తల్లిదండ్రులారా, పదో తరగతి పాసయిన పిల్లవాడికి బహుమానం కొత్త ఫోనే కావాలా అని ఒకసారి ఆలోచించండి. ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖలో వాడి పారేసే అలవాటును గట్టిగా ప్రశ్నించారు. వస్తువులను సులభంగా పారవేసే మనసు మనుషులను కూడా అలాగే చూడడం నేర్చుకుంటుందన్నది ఆయన ఆవేదన. ఆ మాట మన ఇంట్లోని ఫోనుకు కూడా వర్తిస్తుంది.

రెండవ మెట్టు: బాగుచేయించడం

మన పెద్దలు చెప్పు తెగితే కుట్టించారు, బిందె చిల్లు పడితే మాటు వేయించారు. ఫోనుకు కూడా ఆ మర్యాద దక్కాలి. ఎక్కువ ఫోన్లు మూలపడేది అద్దం పగలడం, బ్యాటరీ తగ్గడం, చార్జింగు పిన్ను వదులవడం అనే మూడు కారణాల వల్ల. ఈ మూడూ మార్చదగినవే. నరసరావుపేట, సత్తెనపల్లి, మాచర్ల, గురజాల వంటి ఊళ్ళలో ఈ పని నేర్చిన యువకులు చిన్న చిన్న దుకాణాలు పెట్టుకుని బ్రతుకుతున్నారు. కొత్త ఫోను డబ్బు ఎక్కడో ఉన్న కంపెనీకి పోతుంది. మరమ్మతు డబ్బు మన ఊరి కుర్రవాడి ఇంటికి పోతుంది.

వినియోగదారునికి మరమ్మతు హక్కు ఉండాలని కేంద్ర ప్రభుత్వం కూడా గుర్తించింది. ఫోన్లు మొదలైనవాటి విడిభాగాలు, సర్వీసు సమాచారం ఒకచోట దొరికేటట్లు 2022 డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది. కొనేముందే దుకాణదారుని అడగండి: “దీని బ్యాటరీ మారుతుందా? స్పేరు భాగాలు దొరుకుతాయా? ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారు?” పదిమంది అడిగితే అమ్మేవాడు కూడా ఆలోచిస్తాడు.

మూడవ మెట్టు: మరొకరికి ఇవ్వడం

పనిచేస్తున్న ఫోను మీకు అవసరం లేకపోతే సొరుగులో దాచకండి. ఏళ్ళు గడిచినకొద్దీ బ్యాటరీ చచ్చిపోతుంది, సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది. ఈనాడు పదిమందికి పనికివచ్చే ఫోను నాలుగేళ్ళ తరువాత ఎవరికీ కొరగాదు. ఒంటరిగా ఉండే వృద్ధులకు, హాస్టలులో చదివే పేద విద్యార్థికి అది ఉపయోగపడుతుంది.

ఇచ్చేముందు నాలుగు పనులు తప్పక చేయాలి. మొదట, మీకు కావలసిన ఫోటోలు, ఫోను నంబర్లు వేరే చోట దాచుకోండి. రెండు, డబ్బు పంపే యాప్‌లనుండి, బ్యాంకు యాప్‌నుండి మీ ఖాతా తొలగించండి. మూడు, గూగుల్ ఖాతానుండి బయటికి వచ్చి, ఆ తరువాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. వరుస తప్పితే తీసుకున్నవారి చేతిలో ఫోను తాళం పడి తెరుచుకోదు. నాలుగు, సిమ్, మెమరీ కార్డు తీసివేయండి.

పాత ఫోను కొనేవారికి కూడా ఒక జాగ్రత్త. *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్య కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాలలో కేవైఎం అని టైపు చేసి, కొంచెం ఖాళీ వదిలి, ఆ సంఖ్య వేసి 14422కు సందేశం పంపితే అది దొంగిలించినదిగా నమోదయిన ఫోను అవునో కాదో తెలుస్తుంది. 2023 మేలో కేంద్రం ప్రారంభించిన సంచార్ సాథీ ద్వారా కూడా చూసుకోవచ్చు.

నాలుగవ మెట్టు: సరయిన చేతికి అప్పగించడం

ఇక ఏ విధంగానూ పనికిరాని ఫోను మిగిలింది. దీనిని ఎవరికివ్వాలి?

మైకు పెట్టుకుని “పాత సెల్‌ఫోన్లు కొంటాం” అని వీధిలో తిరిగేవారు వస్తుంటారు. ఫోనుకు ఒక ప్లాస్టిక్ టబ్బో, గిన్నెల సెట్టో ఇచ్చి తీసుకుపోతారు. పాడైన ఫోనుకు గిన్నె వస్తే లాభమే గదా అనిపిస్తుంది. 2024 ఆగస్టులో తెలంగాణలోని రామగుండం పోలీసులు ఇలా పల్లెల్లో సేకరించిన సుమారు 4,000 పాత ఫోన్లను గోనె సంచులతో సహా పట్టుకున్నారు. వాటిని సైబర్ నేరగాళ్ళకు చేరవేయడానికి తీసుకుపోతున్నారని పోలీసులు తెలిపారు. వీధిలో తిరిగే ప్రతివాడూ దొంగ అని దీనర్థం కాదు. కాని ఎవరో తెలియనివానికి ఇచ్చిన ఫోను నేరగాని చేతికి పోవచ్చు, లేదా కాల్చి ఆమ్లంలో వేసే గదికి పోవచ్చు. రెండూ మనకు సమ్మతం కావు.

చట్టం ఏమంటున్నది? మన దేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు మొదట 2011లో తయారై 2012 మే నుండి అమలయ్యాయి. 2016లో మారాయి. 2022లో మళ్ళీ కొత్తవి ప్రకటించి 2023 ఏప్రిల్ 1 నుండి అమలు చేస్తున్నారు. వీటి ముఖ్యసూత్రం ఒక్కటే: ఫోను తయారుచేసి అమ్మిన కంపెనీయే దాని చివరి దశకు కూడా బాధ్యత వహించాలి. ఎంత శాతం తిరిగి రీసైక్లింగు చేయించాలో కూడా నిర్ణయించారు. మొదటి రెండేళ్ళు 60, తరువాత రెండేళ్ళు 70, 2027-28 నుండి 80 శాతం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదయిన రీసైక్లర్లే ఈ పని చేయాలి. ఫోను పెట్టెమీద, చిన్న పుస్తకంలో చక్రాల చెత్తబుట్టకు ఇంటూ గుర్తు కొట్టిన బొమ్మ ఉంటుంది, చూడండి. దీనిని మామూలు చెత్తలో వేయరాదని దాని అర్థం.

కనుక మీ ఫోను కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళి, “పాత ఫోను తీసుకుంటారా?” అని అడగండి. కొత్తది కొంటున్నట్లయితే ఎక్స్చేంజిలో ఇవ్వండి. పురపాలక సంఘం వారు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు వేరుగా తీసుకునే రోజు ఏదో తెలుసుకోండి. మన రాష్ట్రంలో 2025 జనవరి నుండి ప్రతినెలా మూడవ శనివారం స్వర్ణాంధ్ర - స్వచ్ఛాంధ్ర కార్యక్రమం మొదలుపెట్టి, ఆ ఏడాది ఏప్రిల్ 19న ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణనే అంశంగా తీసుకున్నారు. బోర్డులనుండి లోహాలను సురక్షితంగా వేరుచేసే పద్ధతులను హైదరాబాదులోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ రూపొందించింది. దారి లేదన్నమాట నిజం కాదు. మన ఇంటి సొరుగుకు, ఆ దారికి మధ్య నాలుగడుగుల దూరం ఉన్నది. ఆ దూరం నడవవలసింది మనమే.

పాత సామాన్లవారి పొట్ట కొట్టడమా?

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. పాత ఇనుము, అట్టలు, సీసాలు పోగుచేసి బ్రతికే కుటుంబాలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. వారే లేకపోతే మన వీధులు ఎప్పుడో చెత్తతో నిండిపోయేవి. వారు సేకరించడం వల్ల హాని లేదు. పగలగొట్టడం, కాల్చడం, ఆమ్లంలో ముంచడం వల్లనే హాని. అందులో కూడా మొదట దెబ్బతినేది వారి ఊపిరితిత్తులు, వారి పసిబిడ్డలు. కనుక మీకు తెలిసిన పాత సామాన్ల వ్యాపారి ఉంటే ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి. ఫోన్లను విప్పకుండా, కాల్చకుండా, మొత్తంగా నమోదయిన సంస్థకు అమ్ముకునే మార్గం చూపండి. రేటు అడిగి పెట్టడంలో చదువుకున్న మన యువకులు సాయం చేయవచ్చు. వారిని తప్పించి చేసే శుభ్రత కన్న వారిని కలుపుకుని చేసేది ఎక్కువ కాలం నిలుస్తుంది.

విచారణలో ఏం చేయవచ్చు?

ఒక్కొక్క ఇంటినుండి రెండు ఫోన్లకోసం ఏ సంస్థవారూ రారు. ఒక విచారణ అంతా కలిస్తే వస్తారు. విచారణ గురువుల అనుమతితో యువజన సంఘంవారు, మరియదళంవారు ఏడాదికి ఒకటి రెండుసార్లు సేకరణ ఆదివారం ఏర్పాటు చేయవచ్చు. అక్టోబరు 14ను అంతర్జాతీయ ఎలక్ట్రానిక్ వ్యర్థాల దినంగా పాటిస్తారు. దానికి దగ్గరి ఆదివారం అనుకూలంగా ఉంటుంది.

పెట్టె పెట్టడానికి ముందే, తీసుకువెళ్ళే నమోదయిన సంస్థతో మాట్లాడుకోవాలి. ఇది ముఖ్యం. లేకపోతే ఇళ్ళలోని చెత్త గుడి గదిలోకి మారుతుంది, అంతే. పెట్టె మూత ఉన్నదిగా, ఎండ, తడి తగలని చోట, పిల్లలకు అందకుండా ఉండాలి. విడి బ్యాటరీల కొసలకు టేపు అంటించి వేరుగా ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగు పెట్టకూడదు. దానిని పెట్టెలో వేయకుండా పొడి ఇసుక ఉన్న మట్టికుండలో ఉంచి నేరుగా సర్వీసు సెంటరుకు అందజేయాలి. ఎన్ని ఫోన్లు వచ్చాయో పుస్తకంలో రాయాలి. సంస్థవారి నుండి రసీదు తీసుకుని ఆ సంఖ్యను తరువాతి ఆదివారం ప్రకటనలలో చదవాలి. లెక్క చెబితేనే రెండవసారి జనం నమ్మి తెస్తారు. డబ్బేమైనా వస్తే అది ఎక్కడికి పోతుందో కూడా ముందే చెప్పాలి.

ఫోన్లమీద పనిచేయగల అబ్బాయిలు, అమ్మాయిలు ఉంటే ఆ రోజే ఒక బల్ల వేసి, బాగుపడగలవాటిని వేరుచేయవచ్చు. పెద్దవారికి ఖాతాలు తొలగించడం, ఫోటోలు దాచడం చేసిపెట్టవచ్చు. అవ్వకు తన పాత ఫోనులో ఉన్నది చనిపోయిన తాతగారి ఒక్కగానొక్క ఫోటో కావచ్చు. దానిని కాపాడి ఇచ్చిన తరువాతే ఆ ఫోను పెట్టెలో పడాలి. చాలామంది పాత ఫోన్లను పారవేయకుండా దాచుకోవడానికి అసలు కారణం ఇటువంటిదే. ఆ మమకారాన్ని తేలికగా చూడకండి.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించండి

1. మన ఇంట్లో పనిచేయని ఫోన్లు, చార్జర్లు ఎన్ని ఉన్నాయి? పిల్లల చేత లెక్క రాయించండి.

2. గత ఐదేళ్ళలో మనం కొన్న ఫోన్లలో నిజంగా అవసరమై కొన్నవి ఎన్ని? ఆశపడి కొన్నవి ఎన్ని?

3. ఈ లెక్కలో బాగుచేయించి మరొకరికి ఇవ్వగలిగినది ఏదైనా ఉన్నదా? ఉంటే ఎవరికి ఇద్దాం?

4. మనం పారవేసే వస్తువులను ముట్టుకునేవారు ఎవరు? చెత్త బండి తోలే అన్న పేరు, పాత సామాన్లు కొనే అక్క పేరు మనకు తెలుసా?

5. తరువాతి ఫోను కొనేవరకు ఎన్ని సంవత్సరాలు ఆగుదామని కుటుంబంగా నిర్ణయించుకుంటున్నాం?

జవాబులు ఒక కాగితంమీద రాసి, సొరుగులోని పాత ఫోన్లతోపాటు ఒక సంచిలో పెట్టండి. సంచిమీద ఒక తేదీ వేయండి. ఆ తేదీ లోపల అది ఇల్లు దాటి సరయిన చేతికి చేరాలి. ఎక్కడ ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో మీ విచారణలో నలుగురికీ చెప్పండి. వారికి కూడా దారి తెలుస్తుంది.